ఇచ్చే ఇల్లు

ధర్మవరంలో మేమున్న వీధిలో గురువారం సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి బియ్యం పోగుచేసే పని నాది. ఎవరూ అంటగట్టలేదు, నేనే కోరి తీసుకున్నాను. నలుగురి ఇళ్ళలోకి తొంగిచూడడం నాకు ఇష్టం. ఆ బియ్యం పూట గడవని ఇళ్ళకు పోయేది. మంచి పనే. ఆ మంచి పని చేస్తూనే, వారంలో సగం రోజులు పొయ్యి వెలగని ఒక ఇంటి నుంచి దాదాపు మూడు నెలలపాటు నేను బియ్యం పట్టుకొచ్చాను. చెప్పబోయేది ఆ ఇంటి సంగతి.

ఇది చెప్పేటప్పుడు నాకు ఏడుపు రాదు. అప్పుడూ రాలేదు. నా తోడబుట్టిన అక్క హిందూపురం నుంచి వచ్చినప్పుడల్లా నాది రాతిగుండె అంటుంది. కావచ్చు. చాలాసేపు మడిచి కూర్చున్న కాలు ఎలా ఉంటుందో, ఆ రోజులు తలుచుకుంటే నాకు లోపల అలా ఉంటుంది. గిల్లినా తెలియదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళు అవి. వరసగా వానలు లేవు. రొద్దం దగ్గర మా పుట్టింటి వాళ్ళు వేసిన వేరుశనగకు విత్తనం ఖర్చు కూడా తిరిగి రాలేదు. పల్లెల్లో వాన పడకపోతే టౌన్లో మగ్గం ఎందుకు ఆగుతుందని మా ఆయన వాదించేవాడు. ఆగింది. పంట లేని ఏడు పెళ్ళిళ్ళు వాయిదా పడతాయి, పెళ్ళిళ్ళు లేకపోతే పట్టుచీరలు ఎవరు కొంటారు? కూలికి నేసేవాళ్ళకు షావుకార్లు పట్టు, జరీ ఇవ్వడం మానేశారు. పొద్దున లేస్తే వీధంతా వినిపించే మగ్గాల చప్పుడు ఒక్కో ఇంట్లో ఆగిపోతూ వచ్చింది. మా ఆయనది రైల్వేలో చిన్న ఉద్యోగం, నెల తిరిగేసరికి జీతం చేతిలో పడేది. వీధిలో నిశ్చింతగా అన్నం తినే ఇళ్ళు ఏడో ఎనిమిదో ఉంటే అందులో మాది ఒకటి. ఆ సంగతి నాకు బాగా తెలుసు. కాస్త ఎక్కువగానే తెలుసు.

ఈ బియ్యం ఆలోచన అంగన్‌వాడీ టీచరమ్మది. ఆమెది పెనుకొండ వైపు పల్లె. వాళ్ళ ఊరి చర్చికి పోయే ఆడవాళ్ళు రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారట, ఆదివారం ఆ కుండ తీసుకెళ్ళి ఇస్తారట. మన వీధిలో కూడా అలా చేస్తే ఏం పోతుందని ఆమె అడిగింది. మాది తెలుగు మాట్లాడే సాయిబుల ఇల్లు, ఖైరాతు పేరుతో దానం చేయడం మాకు కొత్త కాదు. నేతవాళ్ళకు అన్నదానం కొత్త కాదు. ఎవరి దేవుడి పేరు వాళ్ళు చెప్పుకుని అందరూ సరేనన్నారు. ప్రతి ఇంట్లో ఒక చిన్న కుండ పెట్టారు, దానికి పిడికిలి కుండ అని పేరొచ్చింది. రోజుకొక పిడికెడు, వారానికి ఏడు పిడికిళ్ళు. కొందరి పిడికిలి మనిషిని కొట్టేటప్పుడు ఒక సైజు, బియ్యం తీసేటప్పుడు ఒక సైజు. అది కూడా నేను కనిపెట్టేదాన్ని, ఊరుకోకుండా అనేదాన్ని కూడా.

టీచరమ్మ ఇంటి వరండాలో ఒక రేకు డ్రమ్ము ఉండేది. నేను తెచ్చిన సంచి అందులో గుమ్మరించేవాళ్ళం. సోనా మసూరి, రేషను బియ్యం, దొడ్డు బియ్యం అన్నీ కలిసిపోయేవి. ఆ బియ్యం ఒక్కలాగా ఉడికేది కాదు. కొన్ని మెతుకులు చితికిపోతే కొన్ని పలుకు మీదే ఉండేవి. తీసుకున్నవాళ్ళెవరూ ఆ మాట అనలేదు.

పోగుచేయడం కంటే ఇవ్వడం కష్టం. మా వీధిలో చెయ్యి చాచమంటే ఎవరూ చాచరు, పస్తు పడుకుంటారు. దానికి ఒక దారి దొరికింది. ఇరుగుపొరుగు ఇళ్ళ మధ్య బియ్యం బదులు మామూలే కదా. చుట్టాలొస్తే ఒక గ్లాసు అడిగి తెచ్చుకుంటాం, నాలుగు రోజులకు తిరిగి ఇస్తాం. అందుకని మేము ఒక సేరు బియ్యం కొంగులో కప్పుకుని పోయి, మొన్న నీ దగ్గర బదులు తీసుకున్నాం కదా, ఇదిగో అని ఇచ్చేవాళ్ళం. మేము ఏమీ తీసుకోలేదని ఆమెకు తెలుసు, మాకూ తెలుసు. అంత తొందరేముంది, ఇంకో నాలుగు రోజులు పోనియ్యాల్సింది అంటూనే ఆమె చేట పట్టేది. ఎన్ని ఇళ్ళకు పోయినా ఒక్కరు కూడా, నేనెప్పుడిచ్చాను అని అడగలేదు.

ఎవరింటికి ఇవ్వాలో తేల్చడానికి మాకొక గుర్తుండేది. పిడికిలి కుండలో బియ్యం పడుతుంటే ఆ ఇంట్లో వండుకుంటున్నట్టు. కుండ ఖాళీగా ఉంటే పొయ్యి ఆగినట్టు. ఖాళీ కుండ కనిపించిన రోజే నేను టీచరమ్మ చెవిన వేసేదాన్ని, మర్నాడు బదులు తీర్చడానికి బయల్దేరేవాళ్ళం. ఎవరినీ నోరు తెరిచి అడగనక్కర్లేదు, ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంత తేలికైన గుర్తు ఇంకొకటి లేదని నేను మురిసిపోయేదాన్ని.

మా ఇంటికి మూడిళ్ళ అవతల మా సాయిబులదే ఇంకొక ఇల్లు. ఆ ఇల్లాలు నాకంటే పదేళ్ళు పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. ఇంట్లో ఆమె, ఆమె అత్త, ఏడేళ్ళ కూతురు. అత్తను వీధి మొత్తం అవ్వ అనే పిలిచేది. మగ్గం ఆగాక అక్క మొగుడు కట్టడం పనికని బెంగుళూరు పోయాడు. మొదట్లో నెలకొకసారి వచ్చేవాడు, తర్వాత పండక్కి వచ్చాడు, ఆ తర్వాత ఎవరైనా అటునుంచి వస్తే క్షేమంగా ఉన్నాడని కబురు మాత్రం వచ్చేది. అక్క మార్కెట్టు దగ్గర ఒక బియ్యం అంగట్లో బియ్యం చెరిగి రాళ్ళు ఏరే పనికి పోయేది. కూలి కింద సాయంత్రం నూకలు కొలిచి ఇచ్చేవాళ్ళని నాకు తర్వాత తెలిసింది. ఇంట్లో మగ్గం గుంట మీద పలకలు పరిచి, దాని మీద అవ్వకు పడక వేశారు.

బియ్యం అంగట్లో పనిచేసే మనిషికి తిండికేం లోటని నేననుకున్నాను. వీధి కూడా అదే అనుకుంది. ఆ ఇంటి కుండ ఒక్క వారం కూడా ఖాళీగా ఉండేది కాదు మరి. మొదటి నుంచీ ఆమే నాతో కలిసి ఎన్నో ఇళ్ళకు బదులు తీర్చడానికి వచ్చేది. ఆ మాట ఆమె నాకంటే బాగా చెప్పేది, నిజంగానే తీసుకున్నామా అని నాకే అనుమానం వచ్చేట్టు చెప్పేది.

కాకపోతే ఆమె కుండలో ఎప్పుడూ నూకలే ఉండేవి. అది నాకు మింగుడుపడేది కాదు. మంచి బియ్యం తాము తిని, నూకలు లేనివాళ్ళకు పంపుతున్నారని నాకు కోపం. కోపం నాకు తొందరగా వస్తుంది, దాచుకోవడం చేతకాదు. ఒక గురువారం కొళాయి దగ్గర ఆడవాళ్ళు నలుగురు బిందెలు పెట్టుకుని నిలబడి ఉండగా ఆమె కుండ తెచ్చి నా సంచిలో వంచింది. నేను నవ్వుతూనే అన్నాను.

“ఏమక్కా, నూకలు కోళ్ళకేసుకో. మనుషులు తినేదానికి నాలుగు బియ్యం గింజలు పెట్టగూడదా?”

కొళాయి దగ్గర వాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బాగానే నవ్వింది. వచ్చే వారం చూడమని చెప్పి, ఖాళీ కుండ తట్టి దులిపి లోపలికి పోయింది.

వచ్చే వారం చూశాను. సోనా మసూరి, ఒక్క గింజ విరగలేదు. ఏడు పిడికిళ్ళకు తక్కువ లేదు. ఆ పై వారం కూడా అంతే. ఒక మాట అంటే దారికొచ్చిందని టీచరమ్మకు చెప్పుకున్నాను. మా ఆయనకు కూడా చెప్పుకున్నాను. నా నోటి వల్ల ఒక మంచి జరిగిందని నాకు గర్వంగా ఉండేది.

ఆ తర్వాతి వారాల్లో నేను చూసినవి కొన్ని ఉన్నాయి. చూశాను, అంతే. అవ్వ అంతకుముందు నేను కనపడితే కొంగు పట్టుకుని కూర్చోబెట్టేది, తన చిన్నప్పుడు చిలమత్తూరు సంతకు నడిచిపోయిన కథలు చెప్పేది. ఇప్పుడు పలకల మీద పడుకునే ఉండేది. పాత చీర ముక్క ఒకటి కడుపు చుట్టూ బిగించి కట్టుకుని ఉండేది. ఏమైందవ్వా అంటే నడుము నొప్పి అంది. ఆముదం వెచ్చచేసి రాయమని సలహా ఇచ్చి సంచి భుజాన వేసుకుని పక్కింటికి పోయాను.

ఒకరోజు టీచరమ్మ నన్ను నిలబెట్టి అడిగింది. అక్క కూతురికి అంగన్‌వాడీ వయసు దాటిపోయింది, అయినా మధ్యాహ్నం బడి వదలగానే ఉప్మా వేళకు వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంటోందట. పెడితే సగం తిని, సగం కాగితంలో చుట్టుకుని ఇంటికి పోతోందట. ఆ ఇంటికి ఈ వారం ఒక సేరు బదులు తీర్చి వద్దామా అని అడిగింది.

“వాళ్ళు ఇస్తాండారు టీచరమ్మా,” అన్నాను. “మంచి సోనా బియ్యం ఇస్తాండారు. పిల్లకు ఉప్మా రుచి మరిగింది, అంతే.”

ఇళ్ళలోకి పోయి వచ్చేదాన్ని నేను కాబట్టి ఆమె నా మాట నమ్మింది. ఆ వారం ఆ సేరు బియ్యం వేరే ఇంటికి పోయింది. ఎవరింటికో ఇప్పుడు నాకు గుర్తు లేదు.

అవ్వ ఒక బుధవారం పొద్దున పోయింది. కబురు తెలిసేసరికి నేను ఇంకా వాకిలి ఊడుస్తున్నాను. చీపురు అక్కడే పెట్టి వెళ్ళాను. మగవాళ్ళు బయట కూర్చున్నారు, ఆడవాళ్ళు లోపల. స్నానం చేయించడానికి నీళ్ళు కాచాలి, పెద్ద గిన్నె ఏదైనా ఉందేమో చూడమని నన్ను వంటింట్లోకి పంపారు.

పొయ్యిలో బూడిద గట్టిపడి ఉంది. కట్టెలు లేవు. గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. నేను గిన్నె తీసుకుని వచ్చేయాల్సింది. రాలేదు. డబ్బాల మూతలు ఒకటొకటే తీసి చూశాను. ఒకరి ఇంట్లో చావు జరిగిన పూట వాళ్ళ డబ్బాలు వెతకడం ఎంత తప్పో నాకు తెలుసు. ఒకదాంట్లో ఉప్పు ఉంది. ఒకదాంట్లో నాలుగు ఎండుమిరపకాయలు. మిగతావన్నీ ఖాళీ. ఆ ఇంట్లో బియ్యం ఉన్నది ఒక్క చోటే, గూట్లో పెట్టిన పిడికిలి కుండలో. విరగని సోనా మసూరి. మర్నాడే గురువారం.

మూత పెట్టేసి గిన్నె తీసుకొచ్చి ఇచ్చాను. చిన్నదయింది, ఇంకోటి మా ఇంటి నుంచి తెచ్చాను.

మధ్యాహ్నానికి బియ్యం అంగడి యజమాని భార్య వచ్చింది. మంచి మనిషే. అరుగు మీద నా పక్కన కూర్చుని మామూలుగా మాట్లాడుతూ చెప్పింది. బేరాలు తగ్గి చాలా కాలంగా అక్కను వారానికి రెండు రోజులే పనికి పిలుస్తున్నారట. ఆ రెండు రోజుల నూకలే ఇంటికి పట్టుకుపోయేదట. మూడు నెలల నుంచి మాత్రం ఒకరోజు కూలి నూకలు అంగట్లోనే వదిలేసి, దానికి బదులు కాసిని సోనా బియ్యం కట్టించుకుని పోతోందట. ఎందుకమ్మా, నూకలైతే నాలుగింతలు వస్తాయి కదా అంటే, మా వీధిలో ఇవ్వాల అందట. వాళ్ళాయన బెంగుళూరు నుంచి బాగానే పంపుతున్నాడేమో అని అంగడి ఆమె అనుకుందట.

నేను అలాగా అన్నాను. ఎదురుగా ఒక కుక్క వాకిట్లో పడుకుని ఉంటే దాన్ని చూస్తూ కూర్చున్నాను. నూకలతో వాళ్ళు వారమంతా గంజి కాచుకుని తాగేవాళ్ళని, నా మాట తర్వాత అది కూడా సగమైందని లెక్క నాకు వెంటనే తెలిసింది. తెలిసింది కానీ ఎక్కడా తగల్లేదు.

అవ్వకు వయసైపోయిందని అందరూ అన్నారు. నిజమే, వయసైంది. ఆకలితో పోయిందని ఎవరూ అనలేదు. నేనూ అనను, నాకు తెలియదు. తన వంతు గంజి పిల్లకు పోసేదని మాత్రం తర్వాత తెలిసింది.

మాలో చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి ముట్టించరు. చుట్టుపక్కల వాళ్ళే వండి పంపాలి. టీచరమ్మ డ్రమ్ములోంచి బియ్యం తీసి ఇచ్చింది, కూరలు తలా ఒక ఇంటి నుంచి వచ్చాయి. మొదటి పూట నేనే వండి తీసుకెళ్ళాను. అన్నం ఎప్పటిలాగే సగం చితికి సగం పలుకుగా ఉంది. అక్క తల ఎత్తకుండా తింది. పిల్ల రెండోసారి పెట్టించుకుంది, మూడోసారి కూడా పెట్టించుకుంది. అవ్వ పోయిందని ఏడ్చిన కళ్ళతోనే ఆ పిల్ల పప్పు చుట్టూ అన్నం కట్ట కట్టి ఓపిగ్గా తింటుంటే నేను పక్కన కూర్చుని వడ్డించాను.

రెండో రోజు మేమిద్దరమే ఉన్నప్పుడు, నాతో ఒక్క మాట చెప్పి ఉంటే ఏమయ్యేదని అక్కను అడిగాను. ఆమె చేతిలోని పళ్ళెం కడుగుతూ చెప్పింది.

“ఏమని చెప్పేదమ్మీ. నువ్వు సంచి పట్టుకోని వాకిట్లో నిలబడి ఉంటివి. ఆపేద్దామంటే అవ్వ ఒప్పుకోలే. ఇన్నాళ్ళు ఇచ్చే ఇల్లు అనిపిచ్చుకుంటిమి, నేను పోయేదాకన్నా అట్లే ఉండనీ అనింది.”

కొళాయి దగ్గర నేనన్న మాట ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది. క్షమించమని నేను అడగలేదు, ఈ రోజుకీ అడగలేదు.

ఇక నాలుగో రోజు నుంచి ఏమిటనేది మా ముందున్న సంగతి. అక్క మొగుడు వచ్చి మట్టిచేసి వెంటనే వెనక్కి పోయాడు, పోకపోతే మేస్త్రీ వేరేవాళ్ళను పెట్టుకుంటాడని. టీచరమ్మ రెండో రోజు సాయంత్రమే రెండు సేర్ల బియ్యం మూటగట్టి ఇచ్చింది. నేను పట్టుకుని పోయి, మొన్న నీ దగ్గర బదులు తీసుకున్నానక్కా అని మొదలుపెట్టాను. ఆమె నా మొహం వైపు చూసింది. ఆ మాట ఎన్ని ఇళ్ళలో ఎంత బాగా చెప్పిన మనిషి ఆమె.

“నేను నీకేమీ బదులియ్యలే. ఎత్తుకోనిపో,” అంది.

కోపంగా అనలేదు. మూట మాత్రం ముట్టలేదు. ఆ చావు తిండి కూడా ఆనవాయితీ కాబట్టే తింటోందని, మూడు రోజులు కాగానే ఆ ఇంటి తలుపు మళ్ళీ దగ్గరగా వేసుకుంటుందని నాకు అర్థమైంది. అవ్వ లేదు కాబట్టి ఈసారి గంజి తగ్గించుకుని పిల్లకు పోసేది ఆమే. మూట తిరిగి టీచరమ్మ ఇంటికి మోసుకొచ్చాను. ఆమె ఇంకేదైనా దారి చూద్దామంది కానీ మా ఇద్దరికీ ఏ దారీ తోచలేదు.

మూడో రోజు మధ్యాహ్నం పోయినవాళ్ళ కోసం చదివే ఫాతిహా అయిపోయింది. వచ్చిన నలుగురూ వెళ్ళిపోయారు. నేను మిగిలిన అన్నం వాళ్ళ గిన్నెలోకి వంచి, ఖాళీ గిన్నెలు ఎత్తుకుని గడప దాటబోతున్నాను. పిల్ల వెనకే వచ్చి నా చీర పట్టుకుంది.

“చిన్నమ్మా, ఇంగా ఎన్ని దినాలు మేము పొయ్యి ముట్టిచ్చగూడదు?”

దాని మొహంలోకి చూశాను. అది తక్కువ చెప్పకు అన్నట్టు చూస్తోంది. అవ్వ పోయిన దిగులు కాదు అది అడిగేది. రెండు పూటలా అన్నం వచ్చిన రోజులు దాని లెక్కలో ఈ మూడే, అవి ఇంకెన్ని ఉన్నాయో అడుగుతోంది.

“నలభై,” అన్నాను.

మాలో నలభయ్యో రోజున ఫాతిహా ఉంది, నిజమే. పొయ్యికి మాత్రం దానితో సంబంధం లేదు. పొయ్యి మూడు రోజులే. అది మా వాళ్ళలో పసిపిల్లలకు తప్ప అందరికీ తెలుసు. పిల్ల లోపలికి పరిగెత్తింది. మగ్గం గుంట దగ్గర కూర్చుని అవ్వ బొంత మడతపెడుతున్న వాళ్ళమ్మను కుదిపి, నలభై దినాలంట, నిజమేనా అని అడిగింది.

అక్క బొంత ఒళ్ళో పెట్టుకుని తలెత్తి గడపలో ఉన్న నన్ను చూసింది. నేను గిన్నెలు చంకన పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆ మూడు రోజుల్లో నాకు లోపల ఏదైనా తెలిసిందంటే అప్పుడే, భయమేసింది. కాదు అంటుందేమోనని.

ఆమె పిల్ల వైపు తిరిగింది.

“అవును పాపా,” అంది. “నలభై.”